రంగం లైసెన్సు

రావులపాలెంలో అరటిగెలల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయి మా బస్సు కదలకుండా నిలబడ్డప్పుడు, కిటికీ కిందినుంచి ఒక ముసలాయన తలెత్తి చూసి, "గుమాస్తా గారు కదాండీ?" అన్నాడు. వెనకటి రోజుల్లో గౌతమి రేవులో పంటు నడిపిన సరంగు. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి, మీద బల్లలు పరిచి, బస్సుల్నీ లారీల్నీ ఏరు దాటించేదాన్ని మా వైపు పంటు అంటారు. కుశలప్రశ్నలు అయ్యాయో లేదో, "రంగం డ్రైవరు పోయాడండి. మీకు తెలిసే ఉంటదిలెండి," అన్నాడు. నాకు తెలియదు. ఎప్పుడని అడిగేలోగా బస్సు కదిలింది.

ఇంటికొచ్చి, కాఫీ చల్లారిపోయిందని మా ఆవిడ మీద అరిచాను. కాఫీ పొగలు కక్కుతూనే ఉంది. ఆవిడ నా మొహం చూసి, గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పదిహేనేళ్ళుగా ఎవరి మీద చూపించాలో తెలియక దాచుకున్న కోపం అది. ఇవాళ కాగితం మీద పెడుతున్నాను.

ఆయన పేరు నాకు తెలుసు. ఫైలు అట్ట మీద నేనే రాశాను. ఇక్కడ మాత్రం రాయను. నా చేత్తో ఆ పేరు రాసిన ప్రతిసారీ ఆయనకి చెడే జరిగింది. ఊరందరికీ ఆయన రంగం డ్రైవరు. రంగం అంటే రంగూన్. మా గోదావరి జిల్లాలనుంచి తాతల కాలంలో పొట్ట చేతపట్టుకుని రంగం వెళ్ళినవాళ్ళకి లెక్కలేదు. అక్కడ రోజులు మారి, పరాయివాళ్ళు పొండి అన్నాక, ఉన్నదంతా వదిలేసి ఓడలెక్కి తిరిగొచ్చారు. తిరిగొచ్చారని మనం అంటాం. ఆయన తిరిగి రాలేదు, మొదటిసారి వచ్చాడు. పుట్టిందీ, పెరిగిందీ, స్టీరింగు పట్టిందీ అక్కడే. యాభయ్యేళ్ళ వయసులో ఒక కొత్త దేశంలో దిగాడు. అది ఆయన సొంత దేశమేనని ఓడ దిగినప్పటినుంచీ అందరూ చెబుతూ వచ్చారు.

"అక్కడ మమ్మల్ని కలా అనేవోళ్ళండి. అంటే పైనుంచి ఊడిపడ్డోడని. ఇక్కడికొస్తే రంగపోడంటన్నారు. నేను ఏ ఊరోణ్ణో మీ ఆఫీసులో ఎక్కడైనా రాసుందేమో సూసి సెప్పండే," అని ఒకసారి నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. 

నేనప్పుడు ఒక టౌనులో రవాణా ఆఫీసు గుమాస్తాని. లైసెన్సుల సీటు నాది. సోమవారం సోమవారం జనం అర్జీలు పట్టుకొచ్చేవారు. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నేను గమనించింది చెప్పుల్ని. గళ్ళ లుంగీ, మెడదాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కా, చెప్పులు గుమ్మం బయట. మా ఆఫీసు గుమ్మంలో చెప్పులు విడిచినవాణ్ణి అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు. అంత మర్యాదకి ఆ ఆఫీసు తగదు. ఆ మాట అప్పుడు నాకు తోచలేదు. "ఏమయ్యా, ఏంటి నీ సంగతి?" అన్నాను. అప్పుడు నువ్వు అనేవాణ్ణి. ఇప్పుడు ఆయన అంటున్నాను. పోయాక మర్యాద చెయ్యడం మాకు వెన్నతో పెట్టిన విద్య.

రేకు డబ్బా తెరిచి, నూనెగుడ్డ మడతలు విప్పి, ఒక చిన్న పుస్తకం నా టేబుల్ మీద పెట్టాడు. రంగం లైసెన్సు. లోపల ఆయన ఫొటో, నూనె రాసి దువ్విన జుట్టుతో, పాతికేళ్ళ కుర్రాడు. చుట్టూ అన్నీ గుండ్రటి అక్షరాలు.

"ఇది ఎవడు చదువుతాడయ్యా?" అన్నాను.

"మన ఓనమాల్లాగే గుండ్రంగా ఉన్నాయి కదండీ, సదివేత్తారనుకున్నానండి," అన్నాడు. ఆయనకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చదువుకున్నదంతా బర్మా బడిలో. నేను రాసుకుంటున్న కాగితం కేసి వంగి చూసి, "మీ అచ్చరాలు మా రంగం అచ్చరాల్లా ఉన్నాయండి. ఎంత గుండ్రంగా ఉన్నాయో," అన్నాడు. నా దస్తూరి బాగుంటుందని నాకు గర్వం. అందుకని ఆ రోజు ఆయన్ని కూర్చోమన్నాను.

ఆయనకి కావలసింది ఒక్కటే. ఆ పుస్తకం చూసి, దానికి బదులుగా ఇక్కడి లైసెన్సు ఇవ్వాలి. మా టౌనులో ఒక బస్సు యజమాని ఆయనకి మాటిచ్చాడు. కాగితం తెచ్చిన రోజే స్టీరింగు ఇస్తానన్నాడు. పాతికేళ్ళకి పైగా రంగంలో బస్సులూ లారీలూ నడిపిన మనిషి. ఇక్కడ కాగితం లేక రేవులో తిరుగుతున్నాడు.

మూడేళ్ళు తిప్పాం. అవును, తిప్పాం. నన్ను పక్కన పెట్టి వాళ్ళు తిప్పారని రాసుకుంటే ఈ కాగితం దండగ. ముందు తర్జుమా కావాలన్నాం. రంగంనుంచి వచ్చినవాళ్ళ కాలనీలో చదువుకున్నాయన చేత రాయించి తెస్తే, ఆ రాసినవాడికి అధికారం ఏముందన్నాం. తరవాత, ఈ పుస్తకం అసలుదో నకిలీదో రంగం ఆఫీసు చెప్పాలి, ఉత్తరం రాశాం, జవాబు రావాలన్నాం. తరిమేసినవాళ్ళు జవాబు రాస్తారా? ఆ ప్రశ్న మా ఆఫీసులో ఒక్కడికీ తట్టలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా ఆఫీసులో పూజారులు ఎనిమిది మంది. బంట్రోతుతో కలిపి తొమ్మిది.

మా పై అధికారిని జనం బ్రేకు ఇన్‌స్పెక్టరు అనేవారు. బళ్ళు పరీక్ష చేసి, డ్రైవర్లని పరీక్ష చేసి, సంతకం పెట్టవలసింది ఆయనే. ఆయన ఇంకో అడ్డుపుల్ల కనిపెట్టాడు. "మీ దేశంలో బళ్ళు కుడిపక్కన పోతాయటగా. ఇక్కడ ఎడమ. నువ్వు ఎదుటి బండిని గుద్దేస్తావు," అన్నాడు.

"తమరికి తెలవని సంగతేం కాదండి. నేను నేర్సింది ఎడంపక్కేనండి. పాతికేళ్ళు ఎడంపక్కే తోలాను. ఓ పొద్దున్నే అందరూ కుడికి మారండన్నారు, మారానండి. మళ్ళీ ఎడమకి మారలేనాండీ? రోడ్డుకి ఎడమా కుడీ గానండి, బండికేటుంటదండి?"

ఇన్‌స్పెక్టరు గారికి ఎదురు చెబితే పడదు. ఫైలు పక్కకి తోశాడు.

రంగం డ్రైవరు మీద కూడా నాకు కోపమే. ఆ సంగతి దాచను. ఒక సోమవారం జాలిపడి చెప్పాను. "ఇదంతా ఎందుకయ్యా. కొత్తగా నేర్చుకునేవాడిలా దరఖాస్తు పెట్టు. ముందు చిన్నబండిది వస్తుంది, కొన్నేళ్ళకి పెద్దబండిది వస్తుంది."

ఫారం చదివి వినిపించమన్నాడు. చదివాను. 'డ్రైవింగు నేర్చుకొనగోరుచున్నాను' అన్న చోట చెయ్యెత్తి ఆపాడు.

"నేర్సుకుంటానని నేను సంతకం పెట్టాలాండీ?"

"ఉత్తుత్తి మాటేనయ్యా. అందరూ పెడతారు."

"నాకు రానిది రాదంటానండి. వొచ్చింది రాదని ఎలాగంటానండి? రంగంలో నా దగ్గర నేర్సుకున్నోళ్ళు పదారు మందండి," అన్నాడు. ఫారం మడిచి నాకే ఇచ్చేశాడు.

ఆ మొండితనమే లేకపోతే ఆలస్యంగానైనా ఏదో ఒకటి దొరికేది. కూడు పెట్టని పౌరుషం ఎందుకని ఆ రోజు విసుక్కున్నాను. ఆ పౌరుషంలో వీసమెత్తు నాకుంటే తరవాత జరిగింది జరిగేది కాదు.

ఇక రేవులో ఆయన్ని చూడాలి. గట్టు మీదినుంచి పంటు మీదికి రెండు బల్లలు వేస్తారు. చక్రం వెడల్పుకి ఓ జానెడు ఎక్కువుంటాయేమో. అవతల దిగేటప్పుడు మూతి ముందుకుండాలి గనక బండిని ఇవతల వెనక్కి నడుపుతూ ఎక్కించాలి. కింద గోదావరి, పైన ఊగే పంటు, తడిసిన బల్లలు. లైసెన్సున్న మహామహులు అక్కడికొచ్చేసరికి కిందికి దిగి, "రంగం డ్రైవరు ఏడీ?" అని కేకేసేవారు. ఆయన వచ్చి, మొదట బల్లల్ని అరికాలితో నొక్కి చూసేవాడు. తరవాత చెప్పులు విడిచి సీటు కింద పెట్టేవాడు. "పెడలు సంగతి అరికాలికి తెలవాలండి, సెప్పుకేం తెలుసు," అనేవాడు. అద్దంలో చూసేవాడు కాదు. తల బయటపెట్టి, నోట్లో ఏదో బర్మా పాట గొణుక్కుంటూ, బస్సుని ఉయ్యాల్లో పిల్లని పడుకోబెట్టినట్టు పంటు మీద పెట్టేవాడు. చక్రాల కింద చెక్కముక్కలు తన్ని, పంటుతోపాటు అవతలికి పోయి, అక్కడ ఎక్కవలసిన బళ్ళని ఎక్కించి, మళ్ళీ ఇవతలికి వచ్చేవాడు. రోజంతా అదే. రోడ్డు మీద నాలుగు గజాలు నడిపే హక్కు లేని మనిషి, ఏటి మీద మాత్రం అందరికీ డ్రైవరు.

నెలకోసారి ఏటికి అవతల మా ఆఫీసు క్యాంపు ఉండేది. రావులపాలెం వంతెన మీదుగా పోతే చుట్టుతిరుగుడని జీపులో రేవుకే వెళ్ళేవాళ్ళం. ఆ నెల ఏరు పోటుమీద ఉంది. మా జీపు డ్రైవరు బల్లల్ని చూసి, "నావల్ల కాదండి," అని దిగిపోయాడు. సరంగు మామూలుగానే కేకేశాడు. ఆయన వచ్చాడు. చెప్పులు విడిచి ఎక్కాడు. వెనక సీట్లో ఫైళ్ళ పెట్టె పట్టుకుని నేను, ముందు సీట్లో ఇన్‌స్పెక్టరు గారు. బల్ల ఒక్కసారి కిర్రుమంది. అంతే, పంటు మీద ఉన్నాం.

ఇన్‌స్పెక్టరు గారు ముచ్చటపడ్డాడు. "భలే పనివాడివయ్యా. ఎక్కడ నేర్చుకున్నావు?"

"రంగంలోనండి. నా కాయితం తమరి టేబులు మీదే ఉందండి. మూడేళ్ళయిందండి," అన్నాడు, చేతులు కట్టుకుని.

సరంగు ఫక్కున నవ్వాడు. పంటు మీది జనం నవ్వారు. వాళ్ళు నవ్వకపోతే ఈ కథ ఇంకోలా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇన్‌స్పెక్టరు గారి మొహం మాడిపోయింది. అవతలి గట్టు మీద దిగి నాలుగడుగులు వేశాక నాతో అన్నాడు, "ఆ ఫైలు ఇవాళే తెమిల్చెయ్. లైసెన్సు లేకుండా బహిరంగ స్థలంలో ప్రభుత్వ వాహనం నడుపుతూ పట్టుబడ్డాడు కనక, ఇటువంటి వ్యక్తి లైసెన్సుకి అనర్హుడు. రాసుకున్నావా?"

"మనమే కదండీ నడపమన్నది?" అని నేను అనలేదు. అన్నానని ఎన్నో రాత్రులు కలగన్నాను. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, ఇంట్లో పసిపిల్ల, అనేవి ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకులు. ఉద్యోగం పోతుందని ఆ రోజు నన్నెవరూ బెదిరించలేదు. చెప్పాడు, రాశాను. కథ అంతే. పైగా, జనానికి పోయే ఉత్తరాలు తెలుగులోనే ఉండాలని కొత్తగా ఆర్డరు వచ్చింది, తెలుగు టైపు మిషను ఇంకా రాలేదు. అందుకని క్యాంపు పెట్టిన పాఠశాల వరండాలో బల్ల మీద కూర్చుని, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లా రాశాను.

సాయంత్రం తిరుగు ప్రయాణం. మళ్ళీ రేవు, మళ్ళీ బల్లలు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని సామెత. మా వాళ్ళకి ఒకే రోజు రెండుసార్లు ఏరు దాటాల్సొచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు ఏ మాత్రం సిగ్గుపడకుండా, "ఏడీ వాడు, పిలు," అన్నాడు. ఆయన వచ్చాడు, చెప్పులు విడిచాడు, జీపుని వెనక్కి నడిపి పంటు మీద పెట్టాడు. నా ఒళ్ళో పెట్టె, పెట్టెలో ఆ ఉత్తరం.

ఏటి మధ్యకి వచ్చాం. ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగి, "ఇటివ్వు, ఇక్కడే సంతకం పెట్టేస్తాను. ఊరికెళ్ళాక పనులుంటాయి," అన్నాడు. జీపు బానెట్టు మీద కాగితం పరిచాను. గాలి ఎత్తుకుపోతోంది. ఒక చివర నేను పట్టుకున్నాను. రెండో చివర ఎగిరిపోబోతుంటే, చక్రం దగ్గర చెక్కముక్క సర్దుతున్న ఆయన గబుక్కున లేచి వచ్చి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, అరచెయ్యి దాని మీద ఆనించాడు. ఇన్‌స్పెక్టరు గారు సంతకం పెట్టాడు. ఆయన తన అరచేతి కింద ఉన్న అక్షరాల్ని చూశాడు.

"గుమాస్తా గారండీ, నాదేనాండీ?" అన్నాడు మెల్లిగా.

"నీదే," అన్నాను.

ఆయన రెండు చేతులూ నుదుటికి చేర్చి, నడుము వంచి ఇన్‌స్పెక్టరు గారికి దండం పెట్టాడు. ఇన్‌స్పెక్టరు గారు తల పంకించి కలం మూత పెట్టుకున్నాడు. ఆ ఇన్‌స్పెక్టరు మీద నాకున్న కోపం సంగతి సరే. నీదే అన్న ఆ రెండక్షరాల మీద నాకున్న కోపం ఎన్ని కాగితాలు రాసినా తీరదు.

సోమవారం నేను సెలవు పెట్టాను. జ్వరమని రాశాను. మంగళవారం వెళితే బంట్రోతు చెప్పాడు: "రంగపాయన వొచ్చాడండి. ఇస్త్రీ సొక్కా ఏసుకునొచ్చాడు. మీకోసం మద్దేన్నం దాకా కూకున్నాడు. ఆర్డరు పోస్టులో పంపేశారని సెప్పానండి. ఇది మీకిమ్మన్నాడు." కర్పూర అరటి హస్తం. బాగా మగ్గినవి. ఆఫీసంతా పంచుకున్నారు. నాకూ రెండు ఇచ్చారు. తిన్నాను.

మరుసటి నెల క్యాంపుకి ఏదో వంక పెట్టి తప్పించుకోవాలని చూశాను. కుదరలేదు. రేవులో ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. జీపు డ్రైవరు పిలిచాడు. లేవలేదు. ఇన్‌స్పెక్టరు గారే కేకేశాడు, "ఏమయ్యా, చెవుడా?"

ఆయన లేచి నిలబడ్డాడు. "నాకు లైసెన్సు లేదండి. తమరే రాయించారు కదండీ, పెబుత్వం బండి ముట్టుకుంటే నేరమని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సరంగు ఏటికేసి చూస్తూ నిలబడ్డాడు. మా డ్రైవరు గత్యంతరం లేక తనే ఎక్కాడు. సగం బల్ల ఎక్కేసరికి వెనక చక్రం పక్కకి జారి, జీపు అడుగు బల్లకి ఆనుకుని ఒక పక్కకి ఒరిగి ఉండిపోయింది. పదిమంది పట్టి గట్టు మీదికి లాగారు. లాగినవాళ్ళలో ఆయన లేడు. జీపు అక్కడే వదిలేసి కాలినడకన పంటు ఎక్కాల్సొచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు ముందు నడిచాడు. ఫైళ్ళ పెట్టె నాకు తగులుకుంది. ఇనప్పెట్టె, రెండు చేతుల్తో ఎత్తితేగాని లేవదు. బల్ల మొదట్లో నిలబడి ఆయాసపడుతున్నాను.

ఆయన వచ్చి నా చేతుల్లోంచి పెట్టె తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. "పెట్టె మొయ్యడానికి లైసెన్సు అక్కర్లేదు కదండీ," అన్నాడు.

బల్ల మీద నా ముందు నడిచాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "ఆ ఉత్తరం సరంగు సదివి పెడతానన్నాడండి. అక్కర్లేదన్నానండి. నాకు సదవడం రాదు గానండి, ఆ రోజు నా సెయ్యి కిందున్న అచ్చరాలు మీయేనని సూడగానే తెలిసింది. మీరు రాత్తే మంచే రాత్తారనుకున్నాను. మూడ్రోజులు డబ్బాలో దాసుకున్నానండి. తరవాత స్టీరింగిత్తానన్న బస్సాయనకి సూపించాను. ఆయన సదివాడు."

పంటు మీద పెట్టె దింపమన్నాను. దింపలేదు. దింపవయ్యా అని మళ్ళీ అన్నాను. ఏరు దాటేదాకా దాన్ని నెత్తిమీదే ఉంచుకుని నా ఎదురుగా నిలబడ్డాడు.